చైనాటౌన్‌ని కట్టిందెవరు?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, పాత స్నేహితులు దిగినా, బే ఏరియాలో ఉండే మనవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో చూపించే తీరు దాదాపు ఒక్కటే. గోల్డెన్ గేట్ వంతెన, వంకర్లు తిరిగే లాంబార్డ్ వీధి, పీర్ 39 దగ్గర సీ లయన్లు, ఇంకా పొద్దుంటే చైనాటౌన్. డ్రాగన్ గేటు ముందు నాలుగు ఫొటోలు, రాస్ సందులో వేడివేడి ఫార్చ్యూన్ కుకీలు అయ్యాక, తిరిగి కారెక్కేటప్పుడు అనే మాట కూడా మారదు: "వీళ్లు ఎక్కడికెళ్లినా గుంపుగానే ఉంటారండీ, ఎవరితోనూ కలవరు." అనేవాళ్లకు చైనావాళ్ల మీద పగేమీ లేదు. చూసింది చూసినట్టు చెప్పామనుకుంటారు. కానీ అక్కడ కంటికి కనిపించేది సగమే. ఆ పేటకు హద్దులు గీసింది చైనావాళ్ల స్వభావం కాదు, అమెరికా చట్టాలూ అక్కడి ఇళ్ల యజమానులూ. ఆ హద్దుల మీద వాళ్లు కోర్టుల్లో చేసిన పోరాటాల ఫలం ఇవాళ మన ఇళ్లదాకా వచ్చింది.

అసలు చైనాటౌన్‌లో కనిపించే పగోడాల సంగతే చూడండి. గ్రాంట్ అవెన్యూ, కాలిఫోర్నియా వీధి కలిసే మూలన సింగ్ చాంగ్, సింగ్ ఫాట్ అని రెండు పాత భవనాలున్నాయి. కింది అంతస్తుల కిటికీలు, గోడలు చూస్తే ఆ కాలపు ఏ అమెరికా వ్యాపార భవనమైనా అలాగే ఉంటుంది. పైన మాత్రం కొసలు మెలితిరిగిన చూరులు, అంతస్తులంతస్తులుగా ఒక బురుజు. 1906 ఏప్రిల్ 18న వచ్చిన భూకంపం, దాని వెంట చెలరేగిన మంటలు పాత చైనాటౌన్‌ని బూడిద చేశాయి. ఇదే అదనని నగర పెద్దలు చైనావాళ్లను ఊరి చివర హంటర్స్ పాయింట్‌కి తరిమేద్దామని పథకం వేశారు. చైనా ప్రభుత్వం ఒప్పుకోలేదు, మా కాన్సులేట్‌ను ఆ పాత చోటే మళ్లీ కట్టుకుంటామంది. అద్దెలు పోతాయని తెల్ల యజమానులూ ఆలోచనలో పడ్డారు. ఆ సందులోనే లుక్ టిన్ ఎలీ వంటి వర్తకులు ఒక ఉపాయం పన్నారు. రాస్ అనే ఆర్కిటెక్టునీ బర్గ్రెన్ అనే ఇంజనీరునీ పెట్టుకున్నారు, ఇద్దరూ తెల్లవాళ్లే. టూరిస్టులు తమ ఊహల్లో చైనా ఎలా ఉంటుందనుకుంటారో అలా కట్టించారు. ఎగబడి చూసే జనం, వాళ్లు ఖర్చుపెట్టే డాలర్లు ఉంటే ఆ పేటని ఎవరూ పెరికెయ్యలేరని లెక్క. లెక్క తప్పలేదు. మనం 'అచ్చమైన చైనా' అని మురిసిపోయేది నిజానికి ఒక పేట ప్రాణం కాపాడుకోవడానికి వేసుకున్న వేషం.

హద్దుల మాటకొస్తే, 1882 నాటి చట్టం చైనా కూలీల రాకను ఆపేసింది, ఉన్నవాళ్లకు పౌరసత్వం ఇవ్వొద్దంది. అంతకుముందే 1875లో వచ్చిన పేజ్ చట్టం చైనా ఆడవాళ్ల రాకను దాదాపు అడ్డుకుంది కాబట్టి చాలాకాలం అది ఒంటరి మగవాళ్ల పేట. 1900లో ప్లేగు అనుమానం వస్తే పేటంతా చుట్టూ తాళ్లు కట్టి దిగ్బంధం చేశారు, లోపల తెల్లవాళ్ల ఇళ్లను మాత్రం తప్పించి. ఉత్తరాన బ్రాడ్వే దాటితే ఇల్లు అద్దెకు దొరకదు, కొందామంటే దస్తావేజులోనే ఫలానా జాతివాళ్లకు అమ్మకూడదని షరతు. ఆ షరతులను కోర్టులు అమలు చెయ్యకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. ఊరికి ఎడంగా వెలివాడలో ఉన్నవాళ్లను "వాళ్లకు కలిసుండటం ఇష్టం" అని మనదగ్గర ఎవరైనా అంటే ఎంత అన్యాయమో, ఇదీ అంతే.

బ్రాడ్వేకి అవతలి నార్త్ బీచ్‌ని పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. ఇటాలియన్లూ మొదట గుంపుగానే దిగారు. వాళ్లనీ ఈసడించినవాళ్లున్నారు. అయితే వాళ్లకు పౌరసత్వం దొరికింది, డబ్బులొచ్చాక శివార్లలో ఇల్లు కొనుక్కునే దారి దొరికింది, ఒకటి రెండు తరాల్లో చాలామంది వెళ్లిపోయారు. కాఫీ హోటళ్లు, చర్చి, పేరు మిగిలాయి. ఇటు కియర్నీ వీధి వైపు ఫిలిప్పీన్స్ ముసలి కూలీలుండే మనీలాటౌన్‌కి ఆ పేరు కూడా సరిగ్గా మిగల్లేదు. 1977 ఆగస్టులో ఇంటర్నేషనల్ హోటల్ నుంచి వృద్ధులను పోలీసులు అర్ధరాత్రి దాటాక ఈడ్చి బయట పెట్టారు. అదే స్థలంలో వృద్ధుల కోసం ఇళ్లు మళ్లీ లేచింది 2005లో. 1942లో జపాన్‌టౌన్ వాళ్లనైతే ఏకంగా శిబిరాలకు తరలించారు. ఒకే ఊళ్లో ఉన్న ఈ పేటల్లో ఎవరు నిలిచారు, ఎవరు చెదిరారు అన్నది ఆయా జాతుల 'కలుపుగోలుతనం' తేల్చలేదు.

మరి ఇప్పుడు చట్టమేమీ లేదుగా, ఇంకా అక్కడే ఎందుకున్నారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, వెళ్లగలిగినవాళ్లు ఎప్పుడో వెళ్లారు. రిచ్‌మండ్, సన్‌సెట్ పేటలకు, ఆ తర్వాత మనవాళ్లు స్కూళ్ల కోసం పోటీపడే కూపర్టినో, ఫ్రీమాంట్‌లకు. మిగిలింది ఎక్కువగా ముసలివాళ్లు, ఇంగ్లీషు రానివాళ్లు, కొత్తగా దిగిన పేద కుటుంబాలు. గ్రాంట్ అవెన్యూకి ఒక వీధి పైన స్టాక్టన్ వీధిలో నడిస్తే వాళ్లే కనిపిస్తారు. గులాబీ రంగు ప్లాస్టిక్ సంచులతో అవ్వలు ఆకుకూరలు ఏరి ఏరి పట్టుకుంటారు, తొట్టెల్లో చేపలు బతికుండగానే బేరమాడతారు. ఆ కూర వండేది ఎనిమిదడుగుల వెడల్పూ పదడుగుల పొడుగూ ఉండే ఒకే గదిలో ఉండేవాళ్ల కోసం. వంటిల్లూ స్నానాల గదీ వరండా చివర, అంతస్తు మొత్తానికి ఉమ్మడి. పిల్లలుంటే మంచమే బల్ల, మంచం కిందే గోదాం. ఇష్టమై ఇరుక్కునే జాగా కాదది. అలాగని ఆ పేటను పుణ్యక్షేత్రం చెయ్యక్కర్లేదు. తమవాళ్లనే తక్కువ కూలికి కుట్టుమిషన్ల ముందు కూర్చోబెట్టిన యజమానులూ చైనావాళ్లే, వీధి ముఠాలను మేపినవాళ్లూ వాళ్లే. కాకపోతే బయటికెళ్లే దారి మూసేస్తే లోపలి పెద్దమనుషుల పెత్తనం పెరగడం ఎక్కడైనా జరిగేదే.

"వాళ్లు కూలీలుగా వచ్చారు, మనం చదువుకుని వచ్చాం, పోలికేమిటి" అనే మాట మనవాళ్లలో బాగా వినిపిస్తుంది. కొంత నిజముంది. 1965 చట్టం చదువుకీ నైపుణ్యానికీ తలుపు తీసింది కాబట్టే మనలో ఎక్కువమంది వచ్చాం. కానీ చదువూ డబ్బూ కాపాడతాయన్న ధీమాకి వైష్ణోదాస్ బాగాయ్ కథ జవాబు. పెషావర్ నుంచి 1915లో భార్యాపిల్లలతో, చేతినిండా డబ్బుతో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. వ్యాపారం పెట్టాడు. బర్క్లీలో ఇల్లు కొంటే చుట్టుపక్కలవాళ్లు తాళాలు వేసి అడుగు పెట్టనివ్వలేదు. వచ్చిన పౌరసత్వం, మనవాళ్లు పౌరసత్వానికి అర్హులు కారంటూ భగత్‌సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఊడింది. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. చైనావాళ్లకు పౌరసత్వపు తలుపు 1943లో ఏడాదికి 105 మంది కోటాతో తెరిస్తే, మనకు 1946లో 100 మందితో తెరిచారు. ఆ లెక్కలో మనది వాళ్ల వెనకే నిలబడ్డ వరస.

కోర్టుల్లోనూ ముందు నడిచింది వాళ్లే. చెక్క ఇళ్లలో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలని నగరం రూలు పెట్టి, అడిగిన సుమారు 200 మంది చైనావాళ్లకూ లేదంది, తెల్లవాళ్లకు దాదాపు అందరికీ ఇచ్చింది. యిక్ వో అనే లాండ్రీ నడిపే ఆసామి సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1886లో గెలిచాడు. చట్టం ముందు సమానత్వం పౌరుడు కానివాడికీ వర్తిస్తుందన్న సూత్రం అక్కడ గట్టిపడింది. వీసా మీదున్న ప్రతి మనిషికీ అది అండ. పగోడాలు కట్టించిన లుక్ టిన్ ఎలీ కూడా 14 ఏళ్లప్పుడు, 1884లో, 'కాలిఫోర్నియాలో పుట్టాను, నన్ను దేశంలోకి రాకుండా ఆపడానికి వీల్లేదు' అని కోర్టులో నెగ్గినవాడే. దాన్ని సుప్రీంకోర్టు స్థాయిలో ఖాయం చేసింది శాక్రమెంటో వీధిలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు. చైనా వెళ్లొస్తుంటే 1895లో ఓడ దిగనివ్వలేదు. 1898లో 6–2 తేడాతో తీర్పొచ్చింది: ఈ నేల మీద పుట్టినవాడు ఈ దేశపు పౌరుడు. హెచ్-1బీ మీద ఉంటూ ఇక్కడ బిడ్డను కన్న మన దంపతులు ఆ బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసుకునేది ఆ తీర్పు బలంతోనే.

2025 జనవరిలో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు సరిగ్గా దీన్నే పట్టుకుంది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, చట్టబద్ధంగా ఉంటున్నా సరే, పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదంది. దిగువ కోర్టులు ఒకదాని వెంట ఒకటి అడ్డుపడ్డాయి. వాంగ్ తల్లిదండ్రులది స్థిరనివాసం, వీసాల మీదున్న ఈ తల్లిదండ్రులది తాత్కాలికం అన్నది ప్రభుత్వ వాదన. కానీ వాంగ్ తల్లిదండ్రులకు ఎన్నేళ్లున్నా పౌరులయ్యే దారి చట్టమే మూసేసింది, చివరికి వాళ్లు చైనాకే తిరిగెళ్లిపోయారు. అయినా వాళ్ల కొడుకు అమెరికా పౌరుడేనని కోర్టు తేల్చింది. ఇక్కడ పుట్టే మన పిల్లల గురించి వాదించాలంటే ఏ పక్షం లాయరైనా ముందు తెరవాల్సింది ఆ వంటవాడి కేసునే.