నానక్‌రామ్‌గూడలో నేర్చుకున్న నడక

హైదరాబాదుకు పడమటి దిక్కున, శేరిలింగంపల్లి మండలములో నానక్‌రామ్‌గూడ అనే ఊరు ఉంది. ఊరు అన్నానని ఆ దిక్కుకు వెళ్ళి వచ్చినవారు నవ్వుతారేమో. ఈరోజున అక్కడ ఆకాశాన్ని అంటే అద్దాల మేడలే ముందుగా కనబడతాయి. 2019 ఆగస్టులో అమెజాన్ సంస్థ పదిహేను వేలమంది పనిచేయగల కార్యాలయాన్ని ప్రారంభించింది అక్కడే. 2023 మార్చిలో అమెరికా కాన్సులేటు బేగంపేటనుండి తరలి వచ్చింది కూడా అక్కడికే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఆ పక్కనుండే సాగిపోతుంది. కాని ఆ మేడల సందుల్లో పాత ఊరు ఇంకా బ్రతికే ఉంది. పాత రంగనాథస్వామి గుడి, ఏనుగుల మంద పడుకున్నట్లుండే నల్లరాతి గుండ్లు, ఒక ఆటో మాత్రమే పట్టే గల్లీలు, గల్లీల్లో రేకుల గదులు.

ఆ రేకుల గదుల్లో మావాళ్ళున్నారు. నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కిందనున్న మా ఊరినుండి వెళ్ళిన తొమ్మిది కుటుంబాలవారు. మగవారు కొందరు మేస్త్రీ పని, కొందరు మేడల దగ్గర వాచ్‌మెన్ పని. ఆడవారు ఆఫీసులు తుడిచే పని. వారి నిమిత్తమే నేను పదిహేను రోజులకొకసారి సోమవారము బస్సెక్కి వెళ్ళి, రాత్రి వారితో ప్రార్థనలో కూడి, మా చెల్లెలి ఇంట పడుకొని, మంగళవారము తిరిగి వస్తుంటాను. మా మేనల్లుడు అక్కడే ఒక కంపెనీలో ఉద్యోగము చేస్తున్నాడు.

పరుగుపందెమును గూర్చి నేను ఇరవై సంవత్సరములుగా ప్రసంగాలు చేస్తున్నాను. కొరింథు పట్టణము సమీపాన రెండేళ్ళకొకసారి పెద్ద ఆటలు జరిగేవనీ, అందుకే పౌలు ఆ సంఘమునకు పందెపు పోలిక వ్రాశాడనీ చెప్పాను. అయితే నలభై ఆరేళ్ళు వచ్చేవరకు బస్సు కోసము తప్ప నేను పరుగెత్తిన పాపాన పోలేదు.

దాచిపెట్టిన దగ్గు

2023 వానకాలములో నాకు దగ్గు పట్టుకుంది. వాతావరణము మారింది కదా అనుకున్నాను. తర్వాత ప్రసంగాల వలన గొంతు పాడైందనుకున్నాను. సాయంకాలము సన్నని జ్వరము, రాత్రి చెమటలు. బట్టలు వదులయ్యాయి. 61 కిలోల మనిషిని 49కి వచ్చాను. నా భార్య రెండుసార్లు ఏడ్చిన తర్వాత గాని సర్కారు ఆసుపత్రికి వెళ్ళలేదు. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది.

ఆ మాట విన్నప్పుడు నాకు చావు భయముకంటె సిగ్గే ఎక్కువగా కలిగిందని ఒప్పుకుంటాను. పాస్టరుకు టీబీ అంటే సంఘస్తులు ప్రార్థనకు పిలుస్తారా? నా చేతి గ్లాసులో నీళ్ళు పోస్తారా? మా ఊరి సంఘానికి ఒక నెల తర్వాత చెప్పాను. నానక్‌రామ్‌గూడ వారికి మాత్రము చెప్పనే లేదు. కాలు బెణికిందని కబురు పంపి, ఆరు నెలలు అక్కడికి వెళ్ళడము మానుకున్నాను.

ఆ ఆరు నెలల్లో ఆసుపత్రివారు నేర్పినవి మన కుటుంబములన్నీ తెలుసుకోదగినవి. ఈ వ్యాధి కంచములవలన, బట్టలవలన, కరచాలనమువలన అంటదు. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాడు దగ్గినప్పుడు గాలిద్వారా వ్యాపిస్తుంది. సరియైన మందులు మొదలుపెడితే చాలామందిలో కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణము తగ్గిపోతుంది. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. పరీక్ష, మందు రెండూ సర్కారు దవాఖానాలో ఉచితము. మాత్రలు వేసుకున్నాక మూత్రము ఎర్రగా వస్తే భయపడవద్దని నర్సమ్మ ముందే చెప్పింది. అన్నిటికంటె ముఖ్యముగా, బాగుపడినట్లు అనిపించగానే మందు మానవద్దని చెప్పింది. మధ్యలో మానితే వ్యాధి మొండిదై తిరిగి వస్తుంది.

మన పెద్దలకు ఈ వ్యాధి కొత్తది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915లోనే మిషనులు కలసి క్షయ ఆసుపత్రిని తెరిచాయి. డెన్మార్కు దేశపు డాక్టరు ఫ్రిమాట్ మోలర్‌గారు దానిని నడిపించారు. అప్పటికి ఈ మాత్రలు లేవు. ఆ కాలపు శానిటోరియములలో మంచి గాలి, మంచి భోజనము, విశ్రాంతి, ఆ తర్వాత రోజుకు కొంచెము కొంచెముగా పెంచే నడక, ఇవే వైద్యము. ఈ చివరి మాట నాకు తరువాత పనికి వచ్చింది.

మేనల్లుడి లెక్క

2024 మార్చిలో నా మందులు ముగిశాయి. ఏప్రిల్‌లో మళ్ళీ నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. చెల్లెలి ఇల్లు రెండవ అంతస్తు. ఎక్కేసరికి మెట్లమీదనే కూర్చుండిపోయాను. అది చూచి మేనల్లుడు, “మామయ్యా, ఆగస్టు 24న హైటెక్స్‌లో అయిదు కిలోమీటర్ల పరుగు ఉంది. మీ పేరు రాయిస్తున్నా” అన్నాడు. నేను వేళాకోళమనుకున్నాను.

హైదరాబాద్ మారథాన్ అని ఏటా ఆగస్టులో జరుగుతుంది. అసలు పందెములు ఆదివారము. శనివారము మాత్రము అందరి నిమిత్తము అయిదు కిలోమీటర్ల పరుగు. “పది కిలోమీటర్లకే సిద్ధపడదాము” అని ముందు వాడు ఆశపడ్డాడు. ఆదివారము నేను నా సంఘములో ఉండాలి గదా! అప్పుడు ఎరిక్ లిడ్డెల్ సంగతి వాడికి చెప్పాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి పోటీలు ఆదివారము వచ్చాయని ఆ స్కాట్లాండు యువకుడు అందులో పరుగెత్తలేదు. జూలై 11న నాలుగు వందల మీటర్లలో 47.6 సెకన్లలో బంగారు పతకము గెలిచాడు. తర్వాత మిషనరీగా చైనాకు వెళ్ళి, 1945లో నిర్బంధ శిబిరములో కన్నుమూశాడు. మేనల్లుడు అంతా విని, “ఆయనకు ఊపిరి ఉంది మామయ్యా. మీకు అయిదే చాలు” అన్నాడు.

వాడి స్నేహితుడొకడు అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంటాడు. అక్కడి డిస్నీ వినోద ఉద్యానవనములో 1994నుండి మారథాన్ జరుగుతుందట. బొమ్మల కోటల మధ్యనుండి వేలమంది పరుగెత్తుతారు. అయితే ఒక నియమముంది. మైలుకు 16 నిమిషాల కంటె వెనుకబడితే వెనుక వచ్చే బస్సు ఎక్కించుకొని పోతుంది. అంటే కిలోమీటరుకు సుమారు పది నిమిషాలు. “మీకూ అదే లెక్క. యాభై నిమిషాల్లో రాకపోతే బస్సు వచ్చినట్లే” అన్నాడు. అక్కడివారికి తర్ఫీదు సలహాలిచ్చిన జెఫ్ గాలోవే, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తినవాడు, సామాన్యులకు ఒక పద్ధతి నేర్పాడట. అలసిపోయాక నడవడము కాదు. అలసట రాకముందే, మొదటి నిమిషమునుండే కొంత పరుగు, కొంత నడక. ఆరోగ్యవరమువంటి చోట్ల నాటి డాక్టర్లు రోగులను నడిపించిన తీరే నాకు గుర్తుకు వచ్చింది.

ఊరిలో ఉన్నప్పుడు కాలువ కట్టమీద, పట్టణములో ఉన్నప్పుడు నానక్‌రామ్‌గూడ సర్వీసు రోడ్డు పక్కన నా సాధన సాగింది. తెల్లవారుజామున అయిదింటికి ఆ ఊరిని చూడాలి! 2023 అక్టోబరులో తెరిచిన సైకిలు దారిమీద, సోలారు పలకల కప్పు కింద, తలమీద టోపీలు పెట్టుకొని యువకులు దూసుకుపోయేవారు. కాన్సులేటు దిక్కున పల్లెలనుండి వచ్చిన తల్లిదండ్రులు వీసా కాగితాల ఫైళ్ళు గుండెకు హత్తుకొని నిలబడేవారు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్‌లు చాయ్ బండి దగ్గర, పగటి పనికి వెళ్ళే అక్కలు డబ్బాలు పట్టుకొని ఆటోల దగ్గర. వారందరి మధ్య ముప్పై సెకన్లు పరుగెత్తి, ఒక నిమిషము నడిచే నన్ను చూచి ఒక కుక్క మాత్రము మొరిగేది.

జూన్ చివరకు నాలుగు కిలోమీటర్లు వచ్చాను. జూలైలో జ్వరము పట్టుకుంది. పదిరోజులు మంచము దిగలేదు. టీబీ తిరిగి వచ్చిందేమోనని నా భార్య నిద్రపోలేదు. పరీక్షలు చేసి, అది కాదు, మామూలు జ్వరమే అన్నారు. కాని నాలుగు కిలోమీటర్లు మళ్ళీ ఒకటికి పడిపోయింది. ఇక మిగిలినవి నాలుగు వారాలు. మానేస్తానని మేనల్లుడికి ఫోను చేశాను. “మీ ఇష్టము మామయ్యా. ముందు డాక్టరుగారిని అడగండి” అన్నాడు. డాక్టరుగారు చూచి, “మెల్లగా అయితే వెళ్ళండి. గుండె దడ, ఆయాసము వస్తే ఆగిపోవాలి. ఆగడము ఓటమి కాదు” అన్నారు.

సోమవారపు రాత్రి

ఆగస్టు 19, సోమవారము. రేకుల గదిలో ప్రార్థనకు కూడుకున్నాము. వాచ్‌మెన్‌గా ఉన్న ఒక సహోదరుడు గడప బయటనే కూర్చున్నాడు. పాట మధ్యలో లేచి, గల్లీ చివరకు పోయి, దగ్గి వచ్చేవాడు. లుంగీ కొంగుతో నోరు మూసుకొనేవాడు. ఆ దగ్గును నేను గుర్తుపట్టాను. ఆ సిగ్గును కూడా గుర్తుపట్టాను.

ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచి అడిగాను. “ఏం లేదు అయ్యగారు, దుమ్ము. సూపర్‌వైజరుకు తెలిస్తె పని పోతది. గదిల నలుగురమున్నం, వాళ్ళు ఎల్లగొడుతరు” అన్నాడు. ఎన్ని రోజులనుండి అంటే నెల పైననే అన్నాడు.

ఏ నోటితో ఆయనకు బుద్ధి చెప్పను? ఆరు నెలలు కాలు బెణికిందని అబద్ధమాడినవాడిని నేను. తిరిగి లోపలికి వెళ్ళి, అందరూ ఉండగానే నా సంగతి చెప్పాను. దగ్గు, పరీక్ష, మందులు, వారి దగ్గర దాచిన సంగతి కూడా. ఎవరూ మాట్లాడలేదు. ఒకామె మాత్రము నెమ్మదిగా, “టీబీ వచ్చిన మనిషి మళ్ళ మంచిగ అయితడా?” అని అడిగింది. శనివారము అయిదు కిలోమీటర్లు వెళ్ళబోతున్నానని చెప్పాను. నమ్మినట్లు కనబడలేదు. వాచ్‌మెన్ సహోదరునితో విడిగా ఇంకొక మాట కూడా అన్నాను: “నేను సగములో ఆగిపోయినా మందు అబద్ధము కాదు. నా పరుగు చూచి కాదు, నీ దగ్గు చూచి పోవాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు పరీక్ష చేయించుకోవాలి.” ఆయన తల వంచుకున్నాడు.

అయిదు కిలోమీటర్లు

శనివారము తెల్లవారకముందే హైటెక్స్ ప్రాంగణము చేరాము. వేలమంది జనము, మైకులో పాటలు, పిల్లలను భుజాలమీద ఎక్కించుకున్న తండ్రులు. అంగీకి నంబరు కాగితము పిన్నులతో పెట్టుకున్నాను. బయలుదేరగానే అందరూ ఉరికారు. నాకూ ఉరకాలనిపించింది. మేనల్లుడు చెయ్యి పట్టుకొని, “ముప్పై సెకన్లు అయినయ్, నడవండి” అన్నాడు. అందరూ దాటిపోతుంటే మొదటి నిమిషములోనే నడవడము ఎంత కష్టమో! కాళ్ళకు కాదు, మనసుకు. చిన్నపిల్లలు దాటారు. చీర కట్టుకున్న ఒక పెద్దమ్మ దాటింది.

రెండవ కిలోమీటరు దాటాక, ముందు ఉరికినవారిలో కొందరు రోడ్డు పక్కన నడుము పట్టుకొని నిలబడి ఉండగా మేము వారిని దాటాము. మూడవ దానిలో ఎత్తు వచ్చింది. ఛాతీ బరువెక్కింది. ముప్పై సెకన్లను ఇరవైకి తగ్గించాము. నాలుగవ దానిలో మూడు నిమిషాలు ఊరకే నడిచాను. వెనుక, పారవేసిన నీళ్ళ గ్లాసులు ఏరే పనివారు వస్తూనే ఉన్నారు. ఒక అక్క, “పో అన్నా, ఇంకొంచెమే” అంది.

చేరేసరికి యాభై మూడు నిమిషాలు. ఫ్లోరిడా బస్సు నన్ను ఎక్కించుకొని పోయేదే! మేనల్లుడు గడియారము చూచి ఏమీ అనలేదు. నేనే నవ్వాను.

జనము పలచబడ్డాక చూస్తే, గేటు దగ్గర వాచ్‌మెన్ సహోదరుడు యూనిఫారముతోనే నిలబడి ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగి అటే వచ్చాడట. “మీరు నడిచిండ్రు గద అయ్యగారు” అన్నాడు. అవును, సగము పైన నడిచానన్నాను. కొంచెముసేపు ఊరకుండి, “పరీక్ష ఎక్కడ చేస్తరు?” అని అడిగాడు.

ముగ్గురమూ చాయ్ తాగాము. ఆయన కొంచెము దూరముగా నిలబడి తాగాడు. నేను పిలవలేదు, అది ఆయన జాగ్రత్త. అక్కడినుండి దగ్గరలోని సర్కారు దవాఖానాకు వెళ్ళి, తెమడ డబ్బా తీసుకొని, ఎలా ఇవ్వాలో నర్సమ్మను అడిగి తెలుసుకున్నాము. మధ్యాహ్నపు బస్సుకు నేను ఊరికి బయలుదేరాను. మరునాడు ఆరాధనలో నిలబడి ప్రసంగించడానికి కాళ్ళు సహకరించలేదు. కుర్చీ వేయించుకొని చెప్పాను.

ఆయన పరీక్షలో ఏమి వచ్చిందో ఇక్కడ వ్రాయను. అది ఆ ఇంటివారి సంగతి. రెండు వారాల తర్వాత సోమవారము నేను వెళ్ళేసరికి, ఆయన గల్లీ మొదట్లో నాకోసము నిలబడి ఉన్నాడు. నోటికి శుభ్రమైన గుడ్డ కట్టుకొని ఉన్నాడు. ఇద్దరమూ తొందరపడకుండా ప్రార్థన గదికి నడిచాము.