రంగు తక్కువ

“మిస్, స్కిన్ కలర్!”

సాయంత్రం మా వరండాలో ఈ కేక పది పదిహేనుసార్లయినా వినబడుతుంది. అడిగినవాళ్లు తలెత్తరు, చెయ్యి మాత్రం చాపుతారు. ఏం కావాలో నాకు తెలుసు. నారింజకీ గులాబీకీ మధ్య పాలిపోయినట్టుండే పెన్సిలు. దాని మీద కంపెనీవాళ్లు ఏ పేరు అచ్చేసినా పిల్లలందరికీ అది స్కిన్ కలరే. ప్రతి డబ్బాలోనూ ముందుగా అరిగిపోయేది అదే. బొటనవేలంత ముక్కయ్యాక కూడా గోళ్లతో పట్టుకుని గీస్తారు. దాని పక్కనే గోధుమరంగు పెన్సిలు కొన్ననాటి పొడవుతో, బంగారు అక్షరాలు చెరక్కుండా పడుంటుంది. చెట్టు మొదలు వెయ్యాల్సి వస్తే తప్ప దాన్నెవరూ ముట్టుకోరు.

పెన్సిలు ఇచ్చే ముందు చాపిన చేతిని చూస్తాను. ఒకరోజు ముండా పిల్ల చెయ్యి, ఒకరోజు ఛప్రా నుంచి వచ్చినవాళ్ల అబ్బాయిది, ఒకరోజు మా సిక్కోలు గుంటడిది. ఇన్నేళ్లలో ఒక్క చెయ్యి కూడా ఆ పెన్సిలు రంగులో లేదు.

మాది జంషెడ్‌పూర్‌లో బిర్సానగర్. టెల్కోని ఆనుకుని ఉన్న బస్తీ. జోన్ నంబరు చెప్తేనే ఇక్కడ ఇల్లు దొరుకుతుంది. మా తాతయ్య శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వచ్చాడు. అక్కడివాళ్లు జంషెడ్‌పూర్ అనరు, ‘టాటా’ అంటారు. ‘టాటా ఎల్లిపోనాడు’ అంటే అప్పట్లో ఇక నెలనెలా మనియార్డరు వస్తుందని అర్థం. నాన్న కూడా కంపెనీలోనే, బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర. నా చిన్నప్పుడు రాత్రిళ్లు కరిగిన స్లాగు గుమ్మరిస్తుంటే ఆకాశం ఒక పక్కంతా ఎర్రబడేది. ఇక్కడి పిల్లలం రాత్రి బొమ్మ వేస్తే పైన నల్లరంగు వేసేవాళ్లం కాదు, నారింజ వేసేవాళ్లం. సెలవులకి ఊరెళ్లినప్పుడు మా చుట్టాల పిల్లలు అది చూసి నవ్వేవారు. రాత్రి నల్లగానే ఉంటుందని వాళ్లకి ఎవరో చెప్పారు. నాకు ఎవరూ చెప్పలేదు, నేను చూశాను. నా బతుకంతా ఆ తేడా మీదే నిలబడిందని ఇప్పుడు అనిపిస్తుంది.

పొద్దున బడిలో డ్రాయింగు టీచరు పని, సాయంత్రం వరండాలో ట్యూషను, రాత్రి భోజనాలయ్యాక నా సొంత బొమ్మలు. ఎక్కువగా పటాలు. పోయినవాళ్ల ఫోటో తెచ్చి, పెద్దగా రంగుల్లో వేసిమ్మంటారు. రంగు పెన్సిళ్లతో ఇంత పని జరుగుతుందని చాలామందికి తెలీదు. “పెద్దయ్యాక కూడా కలర్ పెన్సిళ్లేనా, ఆయిల్ పెయింటింగు నేర్చుకోకూడదూ” అని మా పిన్ని ఇప్పటికీ అంటుంది. ఆవిణ్ని కూర్చోబెట్టి ఒక చెయ్యి బొమ్మ పూర్తయ్యేదాకా చూపించాలని నాకు కోరిక.

చెయ్యి బొమ్మ అంటే నా దగ్గర మొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్లు ఎడమచెయ్యి కాగితం పక్కన పెట్టుకుని, డబ్బాలోంచి దాని రంగు వెతకాలి. ఆ వెతకడంలోనే అరగంట గడిచిపోతుంది. గోధుమరంగు ఒక్కటే పూస్తే ఏటికొప్పాక లక్కబొమ్మలా వస్తుంది, ప్రాణం ఉండదు. అప్పుడు నేను మొదలుపెడతాను. ముందు ఆవరంగు, ఉందో లేదో అన్నట్టు. పెన్సిల్ని చివర, అగరుబత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. దాని మీద ఇటికరంగు. వేలి కణుపుల దగ్గర ముదురు ఎరుపు. నరం పైకి తేలినచోట కాస్త ఆకుపచ్చ, ఇది వెయ్యమన్నప్పుడు పిల్లలు నన్ను అనుమానంగా చూస్తారు. వేళ్ల సందుల్లో నీడకి ఊదా, దాని మీద ముదురు నీలం. ఆఖరున వీటన్నిటినీ కలుపుతూ గోధుమరంగు. నల్ల పెన్సిలు డబ్బాలోంచి తీయనివ్వను. నలుపు వేసినచోట మసి అంటినట్టుంటుంది తప్ప నీడ పడినట్టుండదు.

లెక్క పెట్టండి. ఏడు పెన్సిళ్లు.

మన భాషలో ఒక మాట ఉంది. పెళ్లిచూపుల ఇంట్లో, పురిటి మంచం పక్కన, ఎవరూ తప్పని అనుకోకుండా అనే మాట. ‘పిల్ల బాగానే ఉంది గానీ కాస్త రంగు తక్కువ.’ నా గురించీ అన్నారు. చిన్నప్పుడు ఏడ్చాను. ఈ పనిలోకి వచ్చాక ఆ మాటని అక్షరాలా పరీక్షించే అవకాశం నాకు దొరికింది. పచ్చటి ఛాయ ముఖానికి నాలుగైదు రంగులతో పని జరిగిపోతుంది. చామనచాయకి ఏడు కావాలి. బాగా నలుపున్న ముఖానికి తొమ్మిది, పది వేసిన రోజులున్నాయి. చెంప ఎముక మీద నీలం మెరుస్తుంది, పెదవుల అంచున నేరేడు రంగు తేలుతుంది, ముక్కు పక్కన ఎరుపు దాక్కుంటుంది. ఎన్నిసార్లు కాగితం మీద పెట్టి చూసినా ‘రంగు తక్కువ’ అన్నది అబద్ధమనే తేలింది.

రంగు పెన్సిలు గురించి కొంచెం చెప్పాలి. మామూలు రాత పెన్సిలు లోపలి కడ్డీ గ్రాఫైటూ బంకమట్టీ కలిపి చేసింది. ఫ్రాన్సులో కోంటే అనే ఆయన 1795లో ఆ పద్ధతి కనిపెట్టాడు. ఆ కడ్డీని బట్టీలో కాలుస్తారు. రంగు పెన్సిలు కడ్డీలో రంగుపొడి, తెల్లమట్టి, మైనమో నూనో, జిగురు ఉంటాయి. దాన్ని బట్టీలో పెట్టకూడదు, రంగు పోతుంది. ఆరబెడతారు, అంతే. అందుకే అది అంత మెత్తన, అంత సుకుమారం. బల్ల మీంచి జారిపడితే పైకి ఏమీ కాదు గానీ లోపల కడ్డీ ముక్కలవుతుంది, చెక్కిన ప్రతిసారీ ముల్లు ఊడి వస్తుంది. మే నెల ఎండకి ఇక్కడ మైనం మెత్తబడి, తేలిగ్గా గీద్దామన్నా ముద్దగా అంటుకుంటుంది. వానాకాలంలో కాగితం అప్పడంలా మెత్తబడి గరుకు పోతుంది. గరుకు పోతే మూడో పూతకే జారిపోతుంది, ఇంకో రంగు పట్టదు. ముసురు పట్టిన రోజుల్లో బల్ల మీద లైటు వెలిగించి, కాగితాన్ని కాసేపు దాని వేడికి ఉంచి మొదలుపెడతాను.

తప్పు గీత పడితే రబ్బరుతో పూర్తిగా పోదు. రుద్దినకొద్దీ ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు ముక్క మెల్లగా అద్ది తీస్తే కొంత లేస్తుంది. అందుకే తేలిక చెయ్యి. గట్టిగా నొక్కి పూసే పిల్లవాణ్ని నేను కోప్పడను. వాడి చేతి కింద నా చెయ్యి పెట్టి, ‘నాకు నొప్పి పుట్టకుండా గియ్యి’ అంటాను. రెండు రోజుల్లో చెయ్యి తేలికపడుతుంది.

ఇక గోధుమరంగు సంగతి. నాన్న డ్యూటీ నుంచి వచ్చాక నా పెన్సిళ్లు చెక్కిపెట్టేవాడు, బ్లేడుతో, ముల్లు పొడుగ్గా వచ్చేలా. ఒకసారి ఇటికరంగు పెన్సిలు చెక్కుతూ ఆ పొడి వేలికి రాసుకుని, “ఇది మా ఖనిజం రంగేనమ్మా, నోవాముండీ నుంచి వ్యాగన్లలో వచ్చేది ఇలాగే ఉంటుంది” అన్నాడు. అప్పుడు అది పోలిక అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను, అది పోలిక కాదు. మంచి పెన్సిళ్లలో ఆవరంగు, ఇటికరంగు, గోధుమరంగు చాలావరకు ఐరన్ ఆక్సైడే. ఇనుప ఖనిజం ఎరుపుకీ, తుప్పుకీ, ఛోటానాగ్‌పూర్ నేల ఎరుపుకీ మూలం అదే. మా జిల్లాలోనే ధాల్‌భూమ్‌గఢ్ దగ్గర అమాడుబీ అనే పల్లె ఉంది. అక్కడ పైత్కర్ చిత్రకారులు పొడవాటి పటాల మీద కథలు గీస్తారు, రాళ్లు, మట్టి, ఆకుల నుంచి తీసిన రంగులతో. మట్టి నూరి బొమ్మల ముఖాలకి పూయడం వాళ్లకి తరతరాల విద్య. నేను జర్మనీ పెన్సిలుతో చేస్తున్నదీ అదే పని.

ఈ ఇనుప రంగుల గుణం నాకు ఒక నష్టంతో అర్థమైంది. మొదట్లో ఒక పెళ్లికూతురి బొమ్మ వేసిచ్చాను. గులాబీ పట్టుచీర, జరీ అంచు. జరీ గీతల కోసం ముందే రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో కాగితం నొక్కి గాడులు తీశాను, పైన రంగు పూసినా గాడిలోకి దిగదు కాబట్టి అంచు తెల్లగా మెరుస్తుంది. వారం రోజులు ఆ చీర మీదే పోయింది. మూడేళ్ల తర్వాత వాళ్లింటికి వెళ్తే కిటికీకి ఎదురుగా గోడ మీద ఉంది పటం. చీర గులాబీ వెలిసిపోయి ఉతికిన పాతగుడ్డలా ఉంది. నా కాళ్లు చల్లబడ్డాయి. కొన్ని గులాబీలూ ఊదాలూ వెలుగుకి నిలవవు. నేను వాడిన సెట్టు మీద ఆ వివరమే లేదు, అడగాలని నాకూ తోచలేదు. కానీ ముఖం చెక్కుచెదరలేదు. నుదురు, చెంపలు, మెడ వేసిననాటిలాగే ఉన్నాయి. ఆ బొమ్మ మళ్లీ వేసిచ్చాను, డబ్బు తీసుకోలేదు. అప్పటినుంచి ఖరీదైనా విడి పెన్సిళ్లే కొంటాను. 1908 నుంచి ఫేబర్-కాస్టెల్ చేస్తున్న పాలీక్రోమోస్ పెన్సిలు మీద నక్షత్రాలుంటాయి. మూడుంటే రంగు నూరేళ్లు నిలుస్తుందని వాళ్ల లెక్క. అయినా ప్రతి కొత్త రంగునీ అట్టముక్క మీద పూసి, సగం మూసి, కిటికీకి అంటిస్తాను. మా కిటికీ నిండా అట్టముక్కలే.

పోయిన చలికాలం ఒక ముసలావిడ కొడుకుతో కలిసి వచ్చింది. కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన గేటు పాసు తీసింది. మూలన తపాలాబిళ్లంత నలుపు తెలుపు ఫోటో. ఆయన పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఇంకో ఫోటో లేదు.

“మనిషి రంగెలా ఉండేవారు?” అని అడిగాను. ఇది నేను అందరినీ అడుగుతాను.

“నలుపే, టీచర్ గారూ. మీరు కొంచెం తెల్లగా వెయ్యండి” అన్నాడు కొడుకు.

ఇలాంటి కోరిక ప్రతివాళ్లూ కోరతారు. నా జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆవిడ అడ్డుపడుతుందనుకుని ఆవిడ వైపు చూశాను.

“అవును తల్లీ” అంది ఆవిడ. “బతికినన్నాళ్లూ ఆ కంపినీ మసిలోనే ఉన్నాడు. పటంలోనైనా కూసింత తెల్లగుండనీ.”

నా జవాబు నోట్లోనే ఉండిపోయింది. ఆవిడ అడిగింది ఛాయ గురించి అనిపించలేదు. ఆయన ఒక్కసారైనా స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, తీరిగ్గా కూర్చోవాలని అడుగుతోంది.

నలభై గంటలు పట్టింది. ముఖం ఆయనదిగానే వేశాను, తొమ్మిది రంగులతో. చొక్కా కాలరు దగ్గర కాగితం తెలుపే ఉంచేశాను. నుదుటి మీద, ముక్కు దూలం మీద, కింది పెదవి మీద పెన్సిలు తగలనివ్వలేదు. నల్లటి చర్మం వెలుగుని పట్టుకున్నంత గట్టిగా ఇంకే చర్మమూ పట్టుకోదు, ఆ మెరుపుకి చుట్టూ ఉన్న ముదురే ఆసరా. పటం చేతికిచ్చాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో అద్దం మీద నుదుటి దగ్గర తుడిచింది. దుమ్మేమీ లేదు అక్కడ.

“సెమట” అంది.

తెల్లగా లేడని అనలేదు. కొడుకు ఏదో అనబోతే చెయ్యి ఊపింది. పటాన్ని రొమ్ముకి ఆనించుకుని మెట్లు దిగింది.

పిల్లల స్కిన్ కలర్ గురించి నేను వాళ్లతో వాదించను. అమెరికాలో క్రేయోలా కంపెనీ కూడా ఆ రంగుని ఒకప్పుడు ‘ఫ్లెష్’ అనే అమ్మింది. 1962లో పేరు మార్చి ‘పీచ్’ అంది. 2020లో మనుషుల రకరకాల ఛాయలకని ఇరవై నాలుగు రంగుల డబ్బా తెచ్చింది. మంచిదే. మా బస్తీ పిల్లల చేతికి ఆ డబ్బా ఎప్పుడొస్తుందో గానీ, పన్నెండు రంగుల మామూలు డబ్బాతోనే ఇక్కడి ప్రతి ముఖమూ వెయ్యొచ్చని మాత్రం నేర్పగలను.

నవంబరు 15 దగ్గర పడితే మా వరండా కిటకిటలాడుతుంది. బిర్సా ముండా పుట్టినరోజు, 2000లో జార్ఖండ్ పుట్టినరోజూ అదే. బడుల్లో బొమ్మల పోటీలు. మా పేటకి పేరిచ్చిన మనిషి 1875లో ఉలిహాతులో పుట్టి, పాతికేళ్లు నిండకుండా 1900 జూన్ 9న రాంచీ జైల్లో పోయాడు. ఆయన ఫోటో నలుపు తెలుపుల్లోనే ఉంది. రంగు మనమే వెతకాలి.

ఈసారి ఐదో తరగతి పిల్ల ఒకతి ఫోటో పక్కన పెట్టేసి, వాళ్లన్నయ్యని లాక్కొచ్చి గుమ్మంలో ఎండకి కూర్చోబెట్టింది. తలకి తువ్వాలు చుట్టింది. వాడు కదిలితే అరుస్తోంది. ఆవరంగు వేసింది, ఇటికరంగు వేసింది, తన ముంజేతిని వాడి చెంపకి ఆనించి చూసుకుని గోధుమరంగు తీసింది. కాసేపటికి పెన్సిలు పక్కన పెట్టి నన్ను పిలిచింది.

“మిస్, చెవి వేరే రంగులో ఉంది.”

వంగి చూశాను. ఎండ వెనక నుంచి పడుతోంది. తువ్వాలు అంచు కింద వాడి చెవి తమ్మె లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా వెలుగుతోంది. ఇన్నేళ్లుగా ముఖాలు వేస్తున్నాను, గుమ్మంలో కూర్చున్న మనిషి చెవిని ఇలా ఎప్పుడూ చూడలేదు.

“ఏ ఎరుపు?” అంది ఆ పిల్ల.

డబ్బాలో ఉన్న ఎరుపులు మూడూ తీసి, ముళ్లు చెక్కి, ఇద్దరం వాడి చెవి పక్కన ఒక్కొక్కటే పట్టి చూడడం మొదలుపెట్టాం.