తాళం చెవి ఎవరి దగ్గర?



ల్యాబ్ లీడరును కాబట్టి ఈ నెల గోడపత్రికలో కంప్యూటర్ల గురించి రాయమన్నారు సారు. మన ల్యాబ్‌లో కంప్యూటర్లు పది, క్లాసుకి మనం నలభై మందిమి. ఒకతె మౌస్ పడుతుంది, ఒకతె కీబోర్డు, మిగతా ఇద్దరూ సలహాలు చెప్తారు.

ఆ పదింటికీ కంటికి కనపడని తాళం ఒకటి ఉంది. మనం ఏం మార్చినా, ఏ ఆట ఎక్కించినా, ఆపి మళ్ళీ వేస్తే కంప్యూటర్ మొదటి రోజులాగే లేస్తుంది. ఇది మంచి ఏర్పాటే అంటాను నేను. ఎనిమిదో తరగతి పిల్లలు ఒకసారి తెర మీద బొమ్మలన్నీ తలకిందులు చేసేశారు. ఆపి వేశాం, అంతే, సరిపోయింది.

కాని ఏది చెత్తో ఏది చదువో ఆ తాళానికి తెలీదు. తొమ్మిదో తరగతి చెల్లి ఒకామె దసరా సెలవుల్లో వాళ్ళ నానమ్మ చెప్పిన సవర మాటలు నోటుబుక్కులో రాసుకొచ్చింది. ఆదివారం పొద్దున్న కూర్చుని సాయంత్రం దాకా నూట నలభై మాటలు, వాటికి తెలుగు అర్థాలు టైపు చేసింది. సేవ్ కూడా చేసింది. సోమవారం చూస్తే ఏమీ లేదు. "అక్కా, నేను సేవ్ చేశానే" అని ఒకటే ఏడుపు.

ఒక డ్రైవుని తాళం లేకుండా వదిలేస్తే అందులో దాచినవి పోవంట. దానికి పాస్‌వర్డు కావాలి. అదేమో ల్యాబ్ అమర్చిన మనిషి దగ్గర ఉంది. ఆయన పట్నంలో ఉన్నాడు. ఫోను చేస్తే "వస్తానమ్మా" అంటాడు. మా ఇంట్లో చోళ్ళ గాదెకి తాళం వేస్తే చెవి అమ్మ బొడ్లో ఉంటాది, సంతలో షావుకారు జేబులో ఉండదు.

టీవీ బొమ్మకీ ఇలాంటి తాళమే ఉందని మొన్న తెలిసింది. కొన్న బ్లూరే డిస్కుని ప్లేయరులో పెట్టి మన పాత ప్రొజెక్టరుకి కలిపితే తెర నల్లగా ఉండిపోయింది. వైరు వదులని అందరం తలోసారి కదిపాం. వైరు బాగానే ఉంది. హెచ్‌డీసీపీ అనే కాపీ తాళం అన్నారు సారు. బొమ్మ పంపేముందు ప్లేయరు తెరతో రహస్య సంఖ్యలు సరిచూసుకుంటుంది. తెర సరైన జవాబు చెప్పకపోతే బొమ్మ ఇవ్వదు. సినిమా తీసినోళ్ళ కష్టం కష్టమే, కాదనను. కాని మేము కాపీ చేయలేదు, చేయడం రాదు కూడా. 2010లో ఆ తాళం అసలు చెవే ఇంటర్నెట్‌లో బయటపడిందంట. దొంగకి చెవి దొరికింది, మన ప్రొజెక్టరుకి దొరకలేదు! మన 1957 కాపీరైటు చట్టం పాఠం కోసం టీచరుకీ విద్యార్థికీ కొంత వీలిచ్చింది. ఆ సంగతీ పెట్టెకి తెలీదు.

అమెరికాలో దీని మీద పెద్ద కేసే నడిచింది. ప్రసారాలను చూసే ఎఫ్‌సీసీ అనే కమిషన్ 2003 నవంబరులో ఒక నియమం పెట్టింది. డిజిటల్ టీవీ ప్రసారంలో ఒక గుర్తు పంపొచ్చు, 2005 జులై 1 తర్వాత తయారయ్యే పెట్టెలు ఆ గుర్తుని చూసి కాపీల్ని అదుపు చెయ్యాలి. దీని మీద కోర్టుకి వెళ్ళింది ఎవరనుకున్నారు? గ్రంథాలయాల సంఘం, మరికొన్ని సంఘాలు కలిసి వెళ్ళాయి. లైబ్రరీ వాళ్ళు టీవీ కోసం కేసు వేశారంటే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. 2005 మే 6న కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. ప్రసారం చేరిపోయాక పెట్టె ఏం చెయ్యాలో శాసించే అధికారం కమిషన్‌కి లేదంది.

మనకి కోర్టు అక్కర్లేదు. మేడం గారూ, ఆ మనిషి ఈసారి వచ్చినప్పుడు పాస్‌వర్డు రాయించి, కవరులో పెట్టి మీ ఆఫీసు బీరువాలో ఉంచండి. ఒక్క డ్రైవు మాకు తెరిచి ఉంచమనండి. తాళం తీసెయ్యమని నేను అడగడంలేదు.

చెల్లి దగ్గర నోటుబుక్కు ఉంది కాబట్టి మళ్ళీ టైపు చేస్తోంది. ఈసారి పెన్‌డ్రైవులో దాస్తున్నాం. అరవై రెండో మాట దగ్గర ఉంది. సవర వచ్చినవాళ్ళు ఆదివారం ల్యాబ్‌కి రండి, కొన్ని మాటలకి అర్థం కుదరడంలేదు.

— ల్యాబ్ లీడరు, పదో తరగతి