కర్రెగుట్టలకు ఆవలి ఊళ్లు

బస్తర్‌కు వచ్చే పర్యాటకుడికి ఓరుగల్లు జాడ దంతెవాడలోనే తగులుతుంది. 1323లో కాకతీయ రాజ్యం కూలాక అన్నమదేవుడు ఇటు వచ్చి కొత్త రాజ్యం స్థాపించాడని చరిత్ర. శంఖిని, డంకిని నదుల సంగమంలోని దంతేశ్వరి ఆ వంశం ఇలవేల్పు. గీదం మీదుగా బారసూర్ వెళితే అంతకు పూర్వపు నాగవంశీయుల గుళ్లు: 32 స్తంభాల బత్తీసా ఆలయం, ఇసుకరాతి జంట వినాయకులు. చాలామంది యాత్ర ఇక్కడితో సరి.

చూడాల్సిన ఊళ్లు మాత్రం బీజాపూర్‌కు దక్షిణాన ఉన్నాయి. ఆవపల్లి, బాసగూడ, ఉసూర్. బోర్డుల మీద లిపి నాగరి, పేర్లు సగం తెలుగు. దోర్లాల మాటలోనూ తెలుగు వినిపిస్తుంది. బాసగూడ పక్కన పారే తాల్పేరు చర్లకు వచ్చేసరికి మన తాలిపేరు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఈ జనమూ అటే కదిలారు. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలిస్తే, వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. జుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. మరుసటి ఏడాది జూన్‌లో, బాసగూడ దగ్గరి సర్కేగూడలో 17 మంది కాల్పులకు బలయ్యారు. మావోయిస్టులన్నారు పోలీసులు. అందుకు ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ చెప్పేసరికి 2019 వచ్చింది.

ఉసూర్ దగ్గర నంబి జలపాతం ఉంది. దక్షిణాన కర్రెగుట్టలు. 2025 ఏప్రిల్, మే నెలల్లో భద్రతా దళాలు 21 రోజులపాటు జల్లెడ పట్టింది వీటినే. గుట్ట దిగితే ములుగు జిల్లా.