ఆళ్లగడ్డకు వెళ్లిన పెట్టె

ప్లేటు నా అరచేతిలో పెట్టి, "ఇది ఏ కాలిదో చెప్పండి సార్" అన్నాడాయన.

వేలెడు పొడవుంది. ఒక కొన సన్నగా, రెండో కొన వెడల్పుగా, చెంచా చివరలా కాస్త వంపు తిరిగి ఉంది. వెడల్పు కొనలో చిన్న రంధ్రాలు గుత్తిగా, కాడ పొడుగునా ఒకే వరుసలో మరో ఆరు. నాకు అంతుబట్టలేదు. చూపించడానికి ఉంచుకున్న ముక్క కాబట్టి నా ప్యాంటు అంచు పైకి జరిపి, కుడి చీలమండకు బయటివైపు ఆనించాడు. ఒక అంచు పైకి లేచి నిలబడింది. అదే ప్లేటును ఎడమ కాలికి పెట్టాడు. ఎముకను కొలిచి పోత పోసినట్టు కూర్చుంది. "చూశారా. వెనకటి ప్లేటుకు కుడి ఎడమ లేదు. దీనికుంది. ఈ రెండు గదులు నాకు చాలంది అందుకే."

నంద్యాలలో ఆసుపత్రులు, ల్యాబులు, మందుల షాపులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే వీధిలో, మేడ మీద ఉంది ఆయన దుకాణం. కర్నూలులో మెడికల్ రెప్రజెంటేటివుగా తిరిగి తిరిగి, చివరికి సొంత ఊళ్లో ఎముకల ఇంప్లాంట్ల డిస్ట్రిబ్యూటరుగా కుదురుకున్నాడు. మొదట్లో తొడ ఎముకకు వేసే రాడ్లు, తుంటికి వేసే స్క్రూలే సరుకంతా. పాదానికీ చీలమండకూ కలిపి ఒక్క సొరుగు సరిపోయేది. ఇప్పుడు కిటికీ పక్కన గోడంతా వాటిదే.

నేను ఆ గోడ చూడడానికి వెళ్లింది మా అమ్మ కాలు కోసం. కొన్నేళ్ల కిందట తడి మెట్టు మీద జారి ఆమె చీలమండ విరిగింది. ఒక పట్నంలో ఆపరేషన్ చేయించాం. ఎముక అతికింది కానీ, సన్నబడిన చర్మం కింద ప్లేటు తగులుతూ చెప్పు వేసుకోనిచ్చేది కాదు. తీయించుకుందామని ఇంకో ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఏ కంపెనీ ప్లేటు?" మా చేతిలో ఉన్న డిశ్చార్జి కాగితంలో "ప్లేటు, స్క్రూలు" అని తప్ప ఇంకేం లేదు. పాత ఆసుపత్రికి ఫోన్ చేస్తే రికార్డు దొరకలేదన్నారు. థియేటర్లో ఉన్న స్క్రూడ్రైవర్లు ఆ స్క్రూ తలలకు పట్టలేదు. రెండు తలలు అరిగిపోయాయి. అరగంట పని రెండు గంటలకు పైగా సాగింది. బయట బెంచీ మీద కూర్చున్న ఆ రెండు గంటల్లో నాకొక సంగతి అర్థమైంది. ఒంట్లో పెట్టిన లోహానికి పేరూ ఊరూ ఉంటాయి. అవి మనకు తెలిసి ఉండాలి.

ఆ కథ విని డిస్ట్రిబ్యూటర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు స్క్రూలు తీసి పక్కపక్కన పెట్టాడు. ఒకదాని తలలో ఆరు మూలల గుంట. రెండోదానిలో నక్షత్రంలా చెక్కిన గుంట. "దీని డ్రైవరు దానికి పట్టదు. కొత్త కంపెనీలు శానా వస్తాండాయి సార్. ప్రతి ఒక్కరిదీ ఒక కొలత. గిరాకీ పెరిగిందని సంతోషమే, దాంతోపాటు ఈ తలనొప్పీ పెరిగింది."

గిరాకీ ఎందుకు పెరిగిందని అడిగితే వేళ్లు మడిచి చెప్పాడు. నాలుగు వరుసల రోడ్డు, దాని మీద ఇంటికో బండి. బండి పక్కకు ఒరిగినప్పుడు ముందు నలిగేది పాదం, చీలమండ. మేడలు కట్టే పని పెరిగింది. సారవ మీద నుంచి నిలువునా పడ్డవాడికి మడమ ఎముక పగులుతుంది. పెద్దవయసు ఆడవాళ్లలో గుల్లబారిన ఎముకలు. ఇవన్నీ ముందూ ఉన్నవే. మారింది వైద్యం ఉన్న చోటు. ఇదివరకు ఇలాంటి కేసు 70 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి కర్నూలు పెద్దాసుపత్రికి చేరేది. ఇప్పుడు ఎమ్మెస్ ఆర్థో చదివినవాళ్లు నంద్యాలలోనే కాదు, తాలూకా ఊళ్లలోనూ బోర్డు పెడుతున్నారు. ఆపరేషన్ జరుగుతుండగానే ఎముకను తెర మీద చూపించే సి-ఆర్మ్ నర్సింగ్ హోముల్లోకి వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కూలివాడి కాలును కూడా ఆపరేషన్ బల్ల మీదికి తెచ్చింది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. "డాక్టరు వచ్చినచోటికి పెట్టె రావాల్సిందే కదా" అన్నాడు.

పెట్టె అంటే సెట్. ఈ వ్యాపారమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఉక్కు పెట్టె మూత తీస్తే రెండంతస్తుల ట్రే. పై అంతస్తులో కుడివి ఒకవైపు, ఎడమవి ఒకవైపు, పొడవు ప్రకారం ప్లేట్లు. కింద స్క్రూలు. 3.5 మిల్లీమీటర్ల లావువి 10 మిల్లీమీటర్ల పొడవు నుంచి రెండేసి మిల్లీమీటర్లు పెరుగుతూ పోతాయి. పాదంలోని చిన్న ఎముకలకు 2.7వి వేరే. పక్కన డ్రిల్ బిట్లు, లోతు కొలిచే పుల్ల, స్క్రూడ్రైవర్లు. ఆసుపత్రి ఇదంతా కొని పెట్టుకోదు. ఆపరేషన్ ఉందని ఫోన్ వస్తే పెట్టె వెళ్తుంది, వాడినవాటికే బిల్లు, మిగతాది తిరిగి వస్తుంది. ఒక ప్లేటు, ఏడెనిమిది స్క్రూలు అమ్ముడుపోవడానికి వందకు పైగా స్క్రూలు ఊరూరా తిరగాలి. "ఒక్క సైజు తక్కువైతే పెట్టె ఉన్నా లేనట్టే సార్. మనిషి మత్తులో పడుకుని ఉంటాడు. ఆ టైములో 16 లేదు, 18 ఉందంటే కుదరదు."

వెనకటి ప్లేటు కూడా ఒకటి చూపించాడు. గొట్టాన్ని నిలువునా మూడుగా చీలిస్తే వచ్చే ముక్కలా ఉంటుంది కాబట్టి దాన్ని వన్ థర్డ్ ట్యూబులర్ అంటారు. ఏ కాలికైనా ఒకటే. డాక్టరు బల్ల దగ్గరే చేత్తో వంచి ఎముకకు సరిపెడతాడు. 1958లో స్విట్జర్లాండులోని బియల్ పట్టణంలో మౌరిస్ ముల్లర్, మరికొందరు సర్జన్లు కలిసి ఎ.ఓ. అనే సంఘం పెట్టుకున్నారు. విరిగిన ఎముకను ఖచ్చితంగా కూర్చి, గట్టిగా బిగించి, రోగిని త్వరగా కదిలించాలన్నది వాళ్ల పట్టుదల. నెలల తరబడి పిండికట్టులో ఉంచితే ఎముక అతికినా కీలు బిగుసుకుపోతుందని వాళ్లు చూశారు. ఆ ఆలోచన నుంచి వచ్చినవే ఈ ప్లేట్లన్నీ. ఈ శతాబ్దం మొదట్లో లాకింగ్ ప్లేట్లు ప్రచారంలోకి వచ్చాయి. స్క్రూ తలకు కూడా మరలు ఉంటాయి, అవి ప్లేటు రంధ్రంలోని మరల్లో బిగుసుకుంటాయి. గుల్లబారిన ఎముకలో మామూలు స్క్రూకు పట్టు దొరకదు. ఇక్కడ ప్లేటూ స్క్రూలూ ఒకే చట్రమై నిలబడతాయి. నంద్యాల వీధిలో అవ్వల కాళ్లకు ఈ ప్లేటు అడగడం అందుకే.

పాత ప్లేటు పనికిరానిదేం కాదు. గట్టి ఎముక ఉన్న కుర్రాడికి, విరుగు ఒకే గీతలా ఉంటే, ఇప్పటికీ డాక్టర్లు దాన్నే వాడతారు. ఖర్చూ తక్కువ. అవసరం లేనిచోట ఖరీదైన ప్లేటు అమ్మడం తనకు ఇష్టం లేదని డిస్ట్రిబ్యూటర్ నొక్కి చెప్పాడు. ఆ మాట నేను నమ్మాను. పాత ప్లేట్ల ట్రే కూడా ఆయన దగ్గర దుమ్ము పట్టకుండా ఉంది.

సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి ఫోన్. మరుసటి ఉదయం ఆపరేషన్, ఎడమ చీలమండ, రెండువైపులా విరిగింది. సెట్ తీసుకుని కుర్రాడు బయల్దేరుతుంటే నేనూ కారెక్కాను. కర్నూలు నుంచి కడప మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి అది. ఎడమవైపు దూరంగా నల్లమల నీలం గోడలా వెంటే వచ్చింది. కుందూ ఆయకట్టు నల్లరేగడిలో వరి పొట్ట మీద ఉంది. శిరివెళ్ల దాటేసరికి చీకటి పడింది. కుర్రాడు పెట్టెను వెనక సీట్లో పెట్టి బెల్టు బిగించాడు, పసిబిడ్డను కూర్చోబెట్టినట్టు.

నర్సింగ్ హోములో పెట్టె దిగగానే స్టాఫ్ నర్సు లిస్టు పట్టుకుని ఒక్కో స్క్రూ లెక్క చూసుకుంది. రాత్రికి ఆటోక్లేవులో పెట్టాలి. డాక్టరు ఎక్స్‌రే లైటు మీద ఫిల్ము పెట్టి నాకు చూపించాడు. రోగి ఒక రైతు భార్య. గట్టు మీద కాలు మెలిపడింది. రెండు వారాల కిందటే జరిగింది. ముందు పుత్తూరు కట్టు కట్టించుకున్నారు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. రాయలసీమలో ఆ కట్టు మీద తరాల నమ్మకం ఉంది. డాక్టరు దాన్ని తీసిపారేయలేదు. "ఎముక జరగకుండా చీలితే ఏ కట్టయినా అతుకుతుంది. ఇది జరిగింది. కీలు దగ్గర జరగడమంటే వేరు." 1976లో అమెరికాలో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు వైద్యులు కొలిచి చూశారట: చీలమండ లోపలి ఎముక ఒక్క మిల్లీమీటరు పక్కకు తప్పుకుంటే, కీలులో ఎముకలు ఒకదాన్నొకటి తాకే జాగా 42 శాతం తగ్గిపోతుంది. మనిషి బరువంతా మిగిలిన ఆ కొంచెం జాగా మీదే పడుతుంది. కీలు ఏళ్ల ముందే అరిగిపోతుంది.

"నాటు వేయాలంటే వంగాలి, కలుపు తీయాలంటే గొంతుక్కూర్చోవాలి. మన ఆడవాళ్లకు చీలమండ వంగకపోతే బతుకుదెరువు పోయినట్టే" అన్నాడాయన. అంతసేపూ ప్లేట్ల గురించి వింటున్న నాకు, ఈ గిరాకీ అసలు దేనికో ఆ మాటతో తెలిసింది.

మర్నాడు ఆపరేషన్ అయ్యాక నర్సు ఒక పని చేసింది. ప్లేటు పెట్టేముందే దీపం కింద దాని మీద లేజరుతో చెక్కిన నంబరు చదివి రాసుకుంది. ఇప్పుడు ఆ నంబరును కేసు షీటులోకి, రిజిస్టరులోకి, మూడోసారి చిన్న పసుపు కార్డులోకి ఎక్కించింది. కార్డు నంద్యాల డిస్ట్రిబ్యూటర్ అచ్చు వేయించినదే. ఏ కాలు, కంపెనీ, ప్లేటు రకం, లాట్ నంబరు, స్క్రూ తల ఆకారం. ఐదు గీతలు, కింద తేదీ. వైద్య పరికరాల నిబంధనలు 2017లో వచ్చాయి, 2018 జనవరి నుంచి అమలులో ఉన్నాయి. అమ్మేవాళ్లు కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని 2022లో సవరణ తెచ్చారు. ఏ లాటు ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో దుకాణంలో లెక్క ఉండాలి. ఆ లెక్క దుకాణంలో ఉంటుంది, ఆసుపత్రిలో ఉంటుంది. ప్లేటును మోసుకు తిరిగే మనిషి చేతిలోనూ ఉండాలని ఈయన ఈ కార్డు మొదలుపెట్టాడు. దీనికయ్యే ఖర్చు రూపాయి కూడా కాదు.

తిరుగు ప్రయాణానికి ముందు కుర్రాడు నన్ను రోడ్డు పక్కన శిల్పుల పందిరి దగ్గర ఆపాడు. ఆళ్లగడ్డ అంటే శిల్పాలు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ ఊరి రాతి చెక్కడం దేశంలో ఎన్నో గుళ్లకు చేరింది. పందిరి కింద రాతి దుమ్ము తెల్లగా పేరుకుంది. నల్లరాతి నరసింహుడి పాదాల దగ్గర ఒక శిల్పి గొంతుక్కూర్చుని సన్న ఉలితో గోళ్లు దిద్దుతున్నాడు. ఏడాది కిందట విగ్రహాన్ని లారీ ఎక్కిస్తుండగా చెక్క మీద నుంచి వెనక్కి అడుగు వేసి పడ్డాడు. ఎడమ చీలమండ. ప్లేటు వేసింది ఇదే ఊళ్లో, పెట్టె వెళ్లింది అదే దుకాణం నుంచి.

"మూడు నెల్లు ఉలి ముట్టలేదు సామీ. మళ్లీ కూసుంటానో లేదోనని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు."

కూర్చున్నాడు. దగ్గరికి వెళ్తే చూశాను, ఎడమ మడమ కింద వేలెడు మందాన నున్నటి రాతిపలక ఉంది. కాలు మునుపటంత వంగదు. ఆ కాస్త వెలితిని ఆయన తన చేత్తో చెక్కిన పలకతో పూడ్చుకున్నాడు. రోజంతా అలాగే కూర్చోగలుగుతున్నాడు.

కార్డు ఉందా అని అడిగాను. లేచి, ఉలుల సంచి లోపలి అరలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఆధార్ కార్డు వెనక పసుపు కార్డు. ఆయనకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. పక్కన రాయి నూరుతున్న కొడుకును పిలిచాడు. పిల్లవాడు కార్డు చూడకుండానే ఒప్పజెప్పాడు: "ఎడమ కాలు. ఆరు రంధ్రాల లాకింగ్ ప్లేటు. నక్షత్రం తల స్క్రూలు."

మా అమ్మ కాలి గురించి నాకు ఆ మూడు మాటలు తెలిసి ఉంటే చాలేది.