సీమ రేల

బాడ్నంట్ తోట చూసొచ్చి నాలుగు రోజులైంది. కోపం ఇంకా దిగలేదు.

ఉత్తర వేల్స్‌లో కాన్వీ లోయ పక్కన ఉందా తోట. అందులో 1880లో వేసిన లబర్నం పందిరి పేరు మోసింది. 55 మీటర్ల పొడుగు. మే నెలాఖరుకి దాని కింద నడిస్తే పసుప్పచ్చటి గుత్తులు నెత్తికి తగుల్తాయి, నేలంతా పసుపు నీళ్ళు జల్లినట్టుంటుంది. "అరె, రేల!" అని పైకే అనేశాను. పక్కనున్న పెద్దావిడ ఏమిటని అడిగితే, ఫోన్లో మా ఊరు చీడికాడలోని రేలచెట్టు చూపించాను.

"ఓ, ఇండియన్ లబర్నం!" అంది ముచ్చటగా.

అక్కడ మండింది నాకు. మా కొండల్లో తాతల నాటి నుంచీ పూస్తున్న చెట్టు వీళ్ళ చెట్టుకి ఇండియా బ్రాంచి ఎప్పుడయింది? పోనీ లబర్నం అయినా వేల్స్‌దా అంటే, కాదు. దక్షిణ ఐరోపా కొండల నుంచి వచ్చింది. అంటే అదీ నాలాగే వలసజీవి. దాన్ని ఎవరైనా 'సీమ రేల' అన్నారా? కారెక్కాక కూడా ఇదే గొణుగుడు. "మనం సీమచింత అనలేదేంటి, మెక్సికో నుంచొచ్చినదాన్ని?" అంది మా ఆవిడ. కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పోవిస్ కోట. 1802లో మన ఉత్తర సర్కారులకి శాశ్వత శిస్తు నిర్ణయించినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న ఎడ్వర్డ్ క్లైవ్ కుటుంబానిదే ఒకప్పుడు ఆ కోట. టిప్పు సుల్తాన్ గుడారం అక్కడుంది. గుడారమే పోయాక, ఇక చెట్టు పేరు పోతే లెక్కేమిటి? అయినా మెట్లు మెట్లుగా దిగే ఆ తోట, ఏనుగుల్లా ఒరిగిన ఆ యూ పొదలు! తిట్టుకుంటూనే రెండుసార్లు తిరిగాను.

నిజానికి దగ్గరగా చూస్తే లబర్నానికీ రేలకీ పోలికే లేదు. లబర్నం పువ్వు చిక్కుడు పువ్వులా ముడుచుకునుంటుంది. రేల అయిదు రేకులూ విప్పేసి నవ్వుతుంది. కోనం రిజర్వాయరు గట్టు మీద ఎండాకాలం సెలవుల్లో మాకవే కత్తులు, ఆ మూరెడు నల్లటి రేలకాయలు. ఊపితే లోపల గింజలు గలగలమనేవి. కడుపు కట్టేసిందని ఏడిస్తే, మా మామ్మ ఆ కాయ పగలగొట్టి నల్లటి గుజ్జు గోరుతో తీసి నాలిక మీద రాసేది. జిగురుగా, తియ్యగా, అదో రకం కంపు. తెల్లారేసరికి చెరువుగట్టుకి పరుగే.

రాత్రి అమ్మకి వీడియోలో పందిరి చూపించాను.

"రేల పూలు సూడ్డానికి టిక్కెట్టేటిరా!" అంది. కాసేపు చూసి, "బాగుందిలే. కాయలు కాస్తాదేటి?" అనడిగింది.

"కాస్తాదమ్మా. కానీ గింజలు విషం."

"ఇసమా? అయితే అది రేల కాదురా. సీమదేదో."