చాదర్‌ఘాట్ హెడ్మాస్టరు

మా కె.కోటపాడులో ఎవరబ్బాయి ఇంగ్లండులో ఏ మూలకెళ్ళినా 'లండన్ వెళ్ళాడు' అనే అంటారు. మా మేనల్లుడు చదివేది మిడిల్స్‌బరోలో. లండన్‌కి ఉత్తరాన ఎక్కడో ఉన్న ఊరు. అయినా మా అక్కకి అది లండనే. ఆ ఊరి పేరు ఆవిడ మొదటిసారి సరిగ్గా పలికింది 2024 ఆగస్టు 4న.

ఆ ఆదివారం వాడు గదిలో కర్టెన్లు వేసుకుని కూర్చుని ఫోన్ చేశాడు. వీధుల్లో గుంపులు తిరుగుతున్నాయి. కార్లు ఆపి 'నువ్వు తెల్లవాడివేనా, ఇంగ్లీషువాడివేనా' అని అడుగుతున్నారు. అంతకు ఆరు రోజుల ముందు సౌత్‌పోర్ట్‌లో డాన్సు క్లాసుకి వచ్చిన ముగ్గురు ఆడపిల్లల్ని ఒకడు కత్తితో పొడిచి చంపాడు. వాడు పడవెక్కి దొంగదారిన దేశంలోకి వచ్చిన ముస్లిం అని ఒక అబద్ధం పుట్టింది. నిజానికి వాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆ నిజం జనం చెవికెక్కేలోపే సౌత్‌పోర్ట్ మసీదు మీద ఇటుకలు పడ్డాయి.

మా అక్క కంగారులో, "మనం సాయిబులం కాదని చెప్పరా వాళ్ళకి" అంది.

ఆ మాట అన్న మనిషి చెడ్డది కాదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ జాకెట్లు కుట్టేది మా వీధి చివర సాయిబు గారే. పండగ ముందు ఆలస్యం చేశాడని తిడుతుంది, ఇంకో దర్జీ దగ్గరికి మాత్రం వెళ్ళదు. మర్నాడు పొద్దున్నే ఆయనే నన్ను ఆపి, "ఏటి బాబూ, మేనల్లుడు గారు కులాసాయేనా?" అని అడిగాడు. కులాసాయే అన్నాను. అంతకుమించి ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను.

ఆ రాత్రి నాకు మార్మడ్యూక్ పిక్తాల్ గుర్తొచ్చాడు. 'తెల్లవాడివేనా' అని ఆయన్ని ఎవరూ అడగాల్సిన పని లేదు. 1875లో లండన్‌లో పుట్టిన అచ్చమైన ఇంగ్లీషువాడు, చర్చి పాదిరీ కొడుకు. కుర్రతనంలో పాలస్తీనా, సిరియా తిరిగాడు, అరబ్బీ నేర్చాడు, నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ టర్కీకి శత్రువైంది. ఈయన మాత్రం టర్కీతో సంధి చేసుకోండని రాస్తూ వచ్చాడు. ఆ యుద్ధం నడుమనే, 1917లో, తాను ముస్లింనని లండన్‌లో పదిమంది ముందూ చెప్పాడు. దొరలకి ఆయన మతం కంటే టర్కీ మాటే ఎక్కువ కంటగింపు అయిందని నా ఊహ.

1918 జనవరిలో ప్రధాని లాయిడ్ జార్జ్, టర్కుల రాజధానినీ సొంత నేలనీ లాక్కోవడానికి మేం పోరాడటం లేదన్నాడు. 1920 ఆగస్టులో సేవ్ర్ ఒప్పందంతో ఆ మాట నీటిమూటైంది. అప్పటికే, ఆ మాట తప్పుతారన్న భయంతో మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమం లేచి ఉంది. ఆ ఏడాదే పిక్తాల్ బొంబాయి వచ్చి, బాంబే క్రానికల్ సంపాదకుడై ఆ ఉద్యమం పక్షాన నిలిచాడు. 1925లో నిజాం కొలువులో చేరి చాదర్‌ఘాట్ హైస్కూలు హెడ్మాస్టరయ్యాడు. 1927 నుంచి 'ఇస్లామిక్ కల్చర్' పత్రిక నడిపాడు. నిజాం ఆయనకి జీతంతో రెండేళ్ళు సెలవిస్తే ఖురాన్‌ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అది 1930లో అచ్చయింది. సొంత దేశానికి మింగుడుపడని ఇంగ్లీషువాడికి తీరికగా రాసుకునే చోటు దొరికింది మూసీ ఒడ్డున.

లండన్ ముస్లింలకి కూడా హైదరాబాద్ సొమ్ము అందింది. అక్కడ మసీదు కట్టడానికి నిజాం 1928లో అరవై వేల పౌన్లిచ్చాడు. 1937లో వెస్ట్ కెన్సింగ్టన్‌లో శంకుస్థాపన చేసింది నిజాం పెద్ద కొడుకు ఆజం జా. మసీదు మాత్రం లేవలేదు. 1940 అక్టోబరులో, ఆకాశం నుంచి బాంబులు కురుస్తుంటే, చర్చిల్ మంత్రివర్గం లండన్ మసీదు స్థలానికి లక్ష పౌన్లు మంజూరు చేసింది. మన సామ్రాజ్యంలో క్రైస్తవుల కంటే ముస్లింలే ఎక్కువ, లండన్‌లో వాళ్ళకి చెప్పుకోదగ్గ ప్రార్థనా స్థలం లేకపోతే ఎలా అన్నది వాదన. యుద్ధానికి ముస్లిం సిపాయిలు కావాలి మరి! నాకు ఆ లక్ష పౌన్లు చూస్తే నవ్వూ వస్తుంది, ఎక్కడో చివుక్కుమనీ అంటుంది. ఆదరించినా అనుమానించినా లెక్క వేసేది విదేశాంగ శాఖలోనే.

ఆ లెక్క తర్వాతా నడిచింది. 2003లో ఇరాక్ మీదికి వెళ్ళొద్దని లక్షల మంది లండన్ వీధుల్లో నడిచారు. అయినా బ్రిటన్ వెళ్ళింది. 2005 జులై 7న లండన్ రైళ్ళలో, బస్సులో బాంబులు పేలి 52 మంది ప్రయాణికులు పోయారు. ఆ యుద్ధానికీ దీనికీ సంబంధం లేదని పాలకులు దబాయించారు. 2015కల్లా, పిల్లలు తీవ్రవాదం వైపు జారకుండా కనిపెట్టి చూడటం బడిపంతుళ్ళకి చట్టబద్ధమైన విధి అయింది. చట్టంలో ఏ మతం పేరూ లేదు. చూపులు ఎవరి వీపు మీద పడ్డాయో అక్కడి ముస్లిం తల్లిదండ్రుల్ని అడిగితే చెబుతారు. 2022లో మా మండలాన్ని విశాఖ జిల్లా నుంచి తీసి అనకాపల్లిలో కలిపారు. మేం గుమ్మం కూడా కదల్లేదు, చిరునామా మారింది. బ్రిటన్ ముస్లింల సంగతీ అంతే. కాకపోతే మాకు చిరునామాతో సరిపోయింది.

అక్కడి మనుషులంతా ఆ గుంపులాంటివాళ్ళు కాదు. సౌత్‌పోర్ట్ మసీదు గోడ కూలిన మర్నాడే ఆ ఊరి తాపీ మేస్త్రీలు వచ్చి ఇటుక మీద ఇటుక పేర్చారు. ఆ వీడియో అక్కకి చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత జాకెట్టు గుడ్డ సంచీలో పెట్టుకుని వీధి చివరికి బయల్దేరింది. అక్కడ ఏం మాట్లాడిందో నేను అడగలేదు.

పిక్తాల్ 1935లో ఇంగ్లండు తిరిగెళ్ళి మరుసటి ఏడు కన్నుమూశాడు. వోకింగ్ దగ్గర బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. వోకింగ్‌లో 1889లో కట్టిన మసీదు పక్కన మన సాలార్‌జంగ్ పేరు మీద ఒక ఇల్లుంది. రెండూ చూసి ఫొటోలు పంపమని మేనల్లుడికి చెప్పాను. వాడింకా వెళ్ళలేదు. శని, ఆదివారాలు షిఫ్టులట.